తవుడుకి అమ్మిన సిపాయి

ఏటా నవంబరు నెలలో నేను బీదదాన్నని ప్రభుత్వానికి రుజువు చేసుకోవాలి. మిగతా పదకొండు నెలలూ బీదదాన్నే గాని, వాటికి ఎవరూ రుజువు అడగరు.

నా కొడుకు తవిటినాయుడు సిపాయి. మంచుకొండల మీద కాపలా కాస్తుంటే గుడారం మీద మంచుపెళ్ళ విరిగిపడింది. అప్పటికి వాడికి ఇరవై నాలుగేళ్ళు. పెళ్ళి కాలేదు. మా ఆయన అంతకు ముందే పోయాడు. అందుచేత పింఛను తల్లినైన నాకు వస్తుంది. అయితే తల్లికి ఆదాయం ఉండకూడదు. ఉంటే కొడుకు పోయిన నష్టం ఆ మేరకు తగ్గినట్టు. ఈ లెక్క ఎవరు కట్టారో నాకు తెలియదు. నేను ఐదో తరగతితో ఆపేసినదాన్ని, వాళ్ళు ఇంకా పైదాకా చదివి ఉంటారు.

ఆ పింఛనులో సగం నా తిండికి, సగం నా కూతురు పైడితల్లి నర్సు చదువుకి. ఒక నెల ఆగితే హాస్టలు వాళ్ళు దాని పెట్టె వరండాలో పెడతారు. రెండు నెలలు ఆగితే వీధిలో పెడతారు. మూడు నెలలు ఆగితే ఏమవుతుందో కూడా నేను ఆలోచించి ఉంచుకున్నాను. నా స్వభావమే అంత. జరగబోయే చెడ్డంతా ముందే అనుకుంటే అందులో కొంతైనా జరగకుండా ఉంటుందని నా నమ్మకం. అందుకే పింఛను ఆఫీసుకి వెళ్ళినప్పుడల్లా సంచిలో ఒక చీర, తలనూనె సీసా పెట్టుకుని వెళ్తాను. జైల్లో వేస్తే కావాలి కదా.

నిరుటి దాకా పని సులువుగానే ఉండేది. గుమస్తా పెంటారావు "ఆదాయం ఏటమ్మా?" అనేవాడు. నేను "నేదు బాబూ" అనేదాన్ని. "శూన్యం" అని రాసి, సంతకం పెట్టించి, "ఎల్లి టీ తాగెల్లమ్మా" అనేవాడు. టీ డబ్బులు మాత్రం నావే.

ఈ ఏడు ఆఫీసుకి కొత్త అధికారి వచ్చారు. వాచస్పతిగారు. రాజధానిలో ఐదు రోజులు శిక్షణ పొంది, సంపూర్ణ వెల్లడి అనే ఉత్సాహం తలకెక్కించుకుని వచ్చారు. ఆఫీసు గేటుకి గుడ్డ కట్టించారు, "వెల్లడియే వీరమాతకు వన్నె" అని. చుట్టుపక్కల ఊళ్ళలో కొడుకుల్నీ మొగుళ్ళనీ పోగొట్టుకున్న నలభై మందిమి షామియానా కింద కూర్చున్నాం. ఆయన మైకు పట్టుకున్నారు.

"వీరమాతలారా! వీరనారీమణులారా! ఇంతవరకు మీ ఆదాయమును గురించి మాత్రమే అడుగుట జరిగినది. ఇది సంకుచిత దృక్పథము. ఆదాయము ఎక్కడినుండి వచ్చును? గతమునుండి వచ్చును. కావున ఇకమీదట మీ యొక్క గతమును కూడా కార్యాలయమునకు సమర్పించవలసి ఉంటుంది. పుట్టినది మొదలుకొని."

ముందు వరసలో ఒకావిడ లేచి, "మావు పుట్టినకాణ్ణించా బాబూ, మా అమ్మ పుట్టినకాణ్ణించా?" అని అడిగింది.

వాచస్పతిగారు ఆలోచనలో పడ్డారు. ఆవిడ ఆ ప్రశ్న అడక్కుండా ఉండాల్సింది. పది పేజీలు అనుకున్న ఫారం పద్నాలుగు పేజీలై వచ్చింది.

ఇంటికి తెచ్చుకుని మూడు రోజులు నింపాను. ముప్పై ఏడో గడి దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. "మీ స్వాధీనంలో ఉన్న అత్యంత విలువైన దానిని మీ జీవితకాలంలో ఎప్పుడైనా ఎవరికైనా విక్రయించితిరా? విక్రయించినచో వస్తువు, కొనుగోలుదారు, ముట్టిన ప్రతిఫలము తెలుపవలెను. దాచినవారు శిక్షార్హులు."

శిక్షార్హులు అన్నది లావు అక్షరాలలో ఉంది. పైడితల్లికి ఫోను చేశాను.

"నీకాడ అమ్మడానికి ఏటున్నాదే అమ్మా? నేదు అని రాసీ."

"మీ అన్నని అమ్మినాను కదేటే."

"అది అమ్మడం కాదమ్మా, ఆచారం" అంది.

"తవుడు పుచ్చుకున్నాను. కొన్న ఎర్నప్ప ఇంకా పక్కింట్లో బతికే ఉంది. ఆల్లొచ్చి అడిగితే అది నిజవే సెప్తాది. అప్పుడు నన్ను దొంగంటారు."

"నువ్విది రాస్తే పిచ్చంటారే!"

"పిచ్చంటే పింఛను ఆపరే. దొంగంటే ఆపీస్తారు."

మా వైపు సంగతి తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. పిల్లలు దక్కకపోతే ఆ తర్వాత పుట్టినవాణ్ణి అమ్మేస్తాం. తవిటినాయుడికి ముందు నాకు ఇద్దరు పుట్టారు. ఒకడు తొమ్మిదో రోజున పోయాడు, ఒకడు మూడో నెలలో. వీడు పుట్టగానే మా అత్త వీణ్ణి చాటలో పడుకోబెట్టి, పక్కింటి పిసినివారి ఎర్నమ్మని, అంటే మా ఎర్నప్పని, కేకేసింది. ఎర్నమ్మ అడ్డెడు తవుడు, అంటే రెండు మానికలు, కొలిచి నా ఒళ్ళో పోసింది. చాటతో సహా పిల్లాణ్ణి తీసుకుని తన ఇంటికి పోయింది. చావు మా గుమ్మంలోకి వస్తే మా బిడ్డ ఉండడు. వెతుక్కుంటూ పక్కింటికి పోయినా, తవుడు ధర పలికిన వాణ్ణి మోసుకుపోవడానికి దానికి సిగ్గేస్తుంది. పాలవేళకి ఎర్నమ్మ మళ్ళీ వచ్చి, "ఒలే అసిరీ, నా బిడ్డని కాసింత పెంచిపెట్టవే" అని నా పక్కలో పడుకోబెట్టింది. అందుకే వాడు తవిటినాయుడయ్యాడు. మా జిల్లాలో ప్రతి వీధికీ ఒక తవుడో తవిటమ్మో ఉంటారు. కొందరిని అమ్మరు, పెంటకుప్ప మీద పడుకోబెట్టి, దొరికినట్టు తెచ్చుకుంటారు. వాళ్ళు పెంటయ్యలు. ఆ పేర్లవాళ్ళంతా దక్కినవాళ్ళే.

ముప్పై ఏడో గడిలో ఇలా రాశాను. వస్తువు: కొడుకు. కొన్నవారు: పిసిని ఎర్నమ్మ. ముట్టినది: అడ్డెడు తవుడు.

ఎనిమిదో రోజుకి పిలుపొచ్చింది.

వాచస్పతిగారు నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. అప్పుడే నాకు భయం వేసింది. ఆఫీసులో మనల్ని కూర్చోబెట్టారంటే నిలబడి వినలేని మాట ఏదో ఉందన్నమాట.

"అసిరమ్మగారూ! ఈ జిల్లా యొక్క చరిత్రలో ముప్పై ఏడవ గడిని నిజాయితీతో పూరించిన మొదటి మహిళ మీరే. కార్యాలయం మిమ్మల్ని శ్లాఘిస్తున్నది. పింఛనును నిలుపుదల చేయుచున్నది."

"ఎందుకు బాబూ?"

"విచారణ నిమిత్తము. సదరు తవుడు ప్రస్తుతం ఎక్కడ ఉన్నది?"

"గేదె తినీసింది బాబూ."

"గేదె?"

"సచ్చిపోనాది."

"చనిపోవుటకు ముందు ఈనినదా?"

"రెండీతలు ఈనింది."

ఆయన కలం జోరందుకుంది. పక్కన నిలబడ్డ పెంటారావు నెమ్మదిగా, "అయ్యా, ఇది మా వైపు ఆచారమండి. చావు కన్నుగప్పడానికి అలగ చేస్తారు" అన్నాడు.

"పెంటారావూ, చావు మన శాఖ పరిధిలోనికి రాదు. విక్రయము వచ్చును."

చనిపోయిన సిపాయిల కోసం పెట్టిన ఆఫీసులో ఆ మాట విన్నాక, వీళ్ళు ఇక దేనికైనా తగినవాళ్ళేనని నాకు నమ్మకం కుదిరింది.

మరుసటి వారం మా గెడ్డపేటకి జీపు వచ్చింది. వాచస్పతిగారు, పెంటారావు, పశువుల విలువ కట్టే ఆయన ఒకరు దిగారు. నా పాడుపడ్డ పశువులశాల కొలిచారు. గేదె ఎటు తల పెట్టి తవుడు తిన్నదో అడిగితే నేను తూర్పు అన్నాను. తర్వాత అది పడమరేమోనని రెండు రోజులు నాకు నిద్ర పట్టలేదు.

ఎర్నమ్మ అరుగు మీద జీడిపిక్కలు ఎండబోస్తోంది. డెబ్బై దాటినా దాని నోరు మాత్రం ఇంకా పెళ్ళికూతురే.

"పిసిని ఎర్నమ్మగారు మీరేనా? ఇరవై ఎనిమిది సంవత్సరముల క్రితము మీరు తవుడు చెల్లించి ఒక బాలుని ఖరీదు చేసియున్నారా?"

"సేసినాను బాబూ. ఏటి, నీకేటైనా కావాలా? ఇప్పుడు తవుడు బాగా పిరెం."

"పరిహాసము వద్దు. తవుడు నాణ్యమైనదేనా?"

"అప్పుడు దంపుడు తవుడు. ఇప్పుటి మిల్లు తవుడు కాదు. మనిసి తిన్నా బలవే. నువ్వూ సిన్నప్పుడు తినుంటే ఇలగ తిరగవు."

పెంటారావు దగ్గుతూ అవతలికి వెళ్ళిపోయాడు. వాచస్పతిగారు "నాణ్యమైనది" అని రాసుకున్నారు.

గేదె సంతానం కోసం మూడు ఊళ్ళు తిరిగారు. మొదటి పెయ్య సంతలో ఎవరికో పోయింది. రెండోది తుఫానులో చచ్చింది. మొదటిదాని మనవరాలేమో అన్న అనుమానంతో ఒక గేదెని రెండు రోజులు పంచాయతీ ఆఫీసు ముందు కట్టేసి ఉంచారు. అది ఎవరి మనవరాలో ఒప్పుకోలేదు. చివరికి, తవుడు వలన ఉత్పన్నమైన ఆదాయం పరిమితిని దాటలేదని నిర్ణయించారు.

ఆ మాట పెంటారావు ఫోనులో చెబితే నేను కొబ్బరికాయ కొట్టబోయాను. కొట్టబోతూ ఆగాను. ఇంత తేలిగ్గా వదిలిపెడితే వీళ్ళకి జీతాలెందుకు?

అనుకున్నట్టే సంక్రాంతి వెళ్ళిన మూడో రోజున ఉత్తర్వు వచ్చింది. పైడితల్లి సెలవుకి ఇంటికి వచ్చి ఉంది, చదివి వినిపించింది.

"గొర్లె అసిరమ్మ పేదరాలే అని ఈ కార్యాలయం సంతృప్తి చెందినది. అయితే విక్రయము రుజువైనది. విక్రేత ఒప్పుకున్నది. కొనుగోలుదారు ఒప్పుకున్నది. రసీదు లేదనుటకు వీలులేదు, ఏలయన మృతుడు జీవితాంతము ధరించిన తవిటినాయుడు అను పేరే రసీదు. తదుపరి బాలుడు పెంపకము నిమిత్తము మాత్రమే అసిరమ్మకు అప్పగించబడినాడు. కావున అసిరమ్మ సంరక్షకురాలు. మాత ఎర్నమ్మ."

చదవడం ఆపి పైడితల్లి, "మరి నువ్వు నాకేటవుతావే?" అంది.

"నిన్ను అమ్మలేదు కదే. నీకు తల్లినే."

"అన్నయ్యకి?"

నేను దాని చేతిలోది తీసుకుని మడత పెట్టేశాను. కాగితంలో ఉంది కదా.

ఆ నెలాఖరున ఎర్నమ్మని ఆఫీసుకి పిలిచి శాలువా కప్పారు. వీరమాత అని పిలిచారు. అది శాలువా కప్పుకునే మా ఇంటికి వచ్చింది.

"ఒలే అసిరీ, పురిటినొప్పి నేకుండా డెబ్బై దాటినాక సిపాయిని కన్నానే! మా ముసిలోడు బతికుండి సూస్తే గుండాగి సచ్చీవోడు."

"పింఛను నీకిస్తారేటి అప్పా?" నాకు అదే ఆశ. దానికి ఇస్తే అది నాకు ఇస్తుంది.

"అదే మరి! ఫారం నింపమన్నారు. మా ముసిలోడు రైల్వేలో గ్యాంగుమేను కదా, ఆ పింఛనొకటి. జీడితోట ఎకరా ఒకటి. ఆదాయం ఎక్కువైపోనాదట. నాకివ్వరట."

అంటే, కన్నది తల్లి కాదు. తల్లి బీదది కాదు. ఇలా రెండు వైపులా సమానంగా విచారించి, పింఛను ఎవరికీ పోకుండా న్యాయం చేశారు. పైడితల్లి పెట్టె అప్పటికే హాస్టలు వరండాలోకి వచ్చింది.

ఇంతలో పై ఆఫీసుకి వాచస్పతిగారి తీర్పు బాగా నచ్చింది. ఇన్నేళ్ళుగా ఎవరూ చూడని ఆదా ఇందులో ఉందన్నారు. తీర్పుని జిల్లా అంతటికీ వర్తింపజేస్తూ ఉత్తర్వు వేశారు. తవుడు, తవిటయ్య, తవిటమ్మ, తవిటిరావు అన్న పేర్లుగల సిపాయిల తల్లులందరికీ నోటీసులు వెళ్ళాయి. కొన్నవాళ్ళలో సగం మంది పోయారు. పోయినవాళ్ళ వారసులు ఎవరని విచారణ మొదలైంది. ఒక ఊళ్ళో ఒకే ఆవిడ పదకొండు మందిని కొన్నట్టు తేలింది. ఆవిడది మంచి చెయ్యి అని ఊరంతా ఆవిడకే అమ్మేవారట. పదకొండు మందినీ నిల్వ ఉంచినందుకు ఆవిడకి టోకు వ్యాపారి లైసెన్సు ఉందా అని అడిగారు.

పెంటయ్యల సంగతి ఇంకా సూటిగా తేల్చారు. పెంటకుప్ప మీద వదిలినది వదిలేసిన ఆస్తి. పెంటకుప్ప పంచాయతీది. కాబట్టి పెంటయ్యలంతా పంచాయతీకి చెందుతారు.

నేను ఏమైందో కనుక్కుందామని ఆఫీసుకి వెళ్ళేసరికి పెంటారావు ఒక నోటీసు టైపు చేస్తున్నాడు. టైపు చేసి, కవర్లో పెట్టి, కవరు మీద తన పేరే రాసి, అందినట్టు తనే సంతకం పెట్టాడు.

"ఏటి బాబూ అది?"

"నాకేనమ్మా. మా నాన్న ఈ ఆఫీసులోనే అటెండరు. సర్వీసులో పోయాడని కొడుకుగా నాకీ ఉద్యోగం ఇచ్చారు. ఇప్పుడు నేను మా నాన్న కొడుకుని కాదట. పంచాయతీ వస్తువునట."

"మరి మీ పంచాయతీ ఏటంటాది?"

"మా సర్పంచి ఉత్తరం రాసీశాడమ్మా! పన్నెండేళ్ళ జీతం పంచాయతీకి జమ చెయ్యమని. ఆ డబ్బులతో కాలవ తవ్విస్తాడట." అతను కవరు సొరుగులో పెట్టాడు. గొంతు తగ్గించి, "ఒక మాట చెప్తాను. అమ్మినోళ్ళు మళ్ళీ కొనుక్కోకూడదని ఎక్కడా లేదు. ఆ ముసలామెని తీసుకొచ్చి తిరిగి కొనీసుకో. నువ్వు మళ్ళీ తల్లివైపోతావు. ఆదాయం ఎలాగూ శూన్యం" అన్నాడు.

ఈ మాట నాకెందుకు తోచలేదా అనుకున్నాను. తోచి ఉంటే అందులో చెడేమిటో కూడా తోచేది.

మరునాడే ఎర్నమ్మ, నేను అడ్డెడు తవుడు సంచిలో పోసుకుని బస్సెక్కాం. మిల్లు తవుడే దొరికింది. దారి పొడుగునా ఎర్నమ్మ దాన్ని తిడుతూనే ఉంది. పైడితల్లి తిన్నగా ఆఫీసుకే వచ్చింది. దాని పెట్టె వీధిలోకి వచ్చి నాలుగు రోజులైంది. స్నేహితురాలింట్లో పెట్టుకుందట, పరీక్ష ఫీజుకి శుక్రవారం ఆఖరు. అది నాకు చెప్పకూడదనుకుంది గాని, దాని మొహం చెప్పేసింది.

వాచస్పతిగారు చాలా సంతోషించారు. తిరుగు విక్రయం అన్నది ఇంతవరకు ఎవరూ చెయ్యలేదట. స్టాంపు కాగితాలు తెప్పించారు. తవుడు తూయించారు. బల్ల మీద పాత దినపత్రిక పరిచి పోయించారు. పంకా గాలికి సగం తవుడు ఫైళ్ళ మీదికి ఎగిరింది. మళ్ళీ తూయించారు.

"ఎర్నమ్మగారూ, మీరు స్వచ్ఛందముగా విక్రయించుచున్నారా?"

"అడ్డెడు తవుడుకి కొన్నాను, అడ్డెడు తవుడుకే ఇచ్చీసినాను. లాభం ఒద్దు, రాసుకో బాబూ."

"అసిరమ్మగారూ, మీరు కొనుగోలు చేయుచున్నారా?"

"సేస్తన్నాను బాబూ."

"మంచిది. ఇక మిగిలినది ఒక్క లాంఛనము. విక్రయము పూర్తి కావలెనన్న కొనుగోలుదారు సరుకును తనిఖీ చేసి స్వాధీనము చేసుకొనవలెను." ఆయన కాగితం మీంచి తల ఎత్తలేదు. "సరుకును ప్రవేశపెట్టండి."

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా భయమే ముందు వచ్చింది, కోపం రాలేదు. కోప్పడితే పింఛను పోతుందన్నది నాకు అలవాటైపోయింది. పైడితల్లి నా భుజం పట్టుకుంది. పెంటారావు కిటికీ వైపు తిరిగాడు.

ఎర్నమ్మ లేచింది. శాలువా తీసి బల్ల మీద, తవుడు మీదే పడేసింది.

"ఏటన్నావు బాబూ? సరుకా?"

"అది న్యాయపరిభాష. మీరు ఆవేశపడరాదు."

"నాకు ఆవేసం రాదు నాయినా, ముసలిదాన్ని. ఒక్క మాట సెప్పు. నాలుగేళ్ళ కింద ఆణ్ణి పెట్టెలో పెట్టి మీ బండిలో తెచ్చినారు. మీ జెండాయే కప్పినారు. ఈ అసిరి పెట్టె మీద పడి, ఒక్కపాలి సూపించండి బాబూ అని గోల పెట్టింది. మూత తియ్యకూడదు, ఆర్డరు నేదు అన్నారు. మావు మూత ముట్టుకోకుండానే కాల్చినాం. ఆవేల మీరు తల్లికి సూపించనిది ఈయేల తల్లిని మీకు సూపించమంటావేటి?"

వాచస్పతిగారు కలం తీశారు. రాస్తూ పైకి చదివారు. ఆయనకి అది అలవాటు.

"సరుకు మూతవేసిన స్థితిలో చేరినట్లు, చేరిన సమయమున తనిఖీ జరగనట్లు వాంగ్మూలము. కావున సరుకు లోపల ఉన్నట్లు గాని లేనట్లు గాని రుజువు లేదు. పై కార్యాలయమునకు నివేదించడమైనది."

"రాసుకో, బాగా రాసుకో" అంది ఎర్నమ్మ. "నీ సేతిరాత బాగుంటాది. అదొక్కటే బాగుంటాది."

తవుడు ఆఫీసు వాళ్ళే ఉంచుకున్నారు, సాక్ష్యం కింద. శాలువా మాత్రం ఎర్నమ్మ దులిపి మళ్ళీ కప్పుకుంది.

శుక్రవారం పరీక్ష ఫీజు పెంటారావు కట్టాడు. పంచాయతీకి పోయే డబ్బే కదమ్మా, కాలవకంటే ఇది నయం అన్నాడు. నేను దండం పెట్టాను. పెట్టి, ఇది ఆదాయం కింద రాయాలా అని అడిగాను. అతను నాకే దండం పెట్టాడు.

పై ఆఫీసు నుంచి నెల తిరక్కుండా జవాబు వచ్చింది. పై ఆఫీసు అంత తొందరగా జవాబివ్వడం ఎవరూ ఎరగరట. ఈ తీర్పు వల్ల జిల్లాలో డ్రైవర్లు, గుమస్తాలు, ఇద్దరు తహసీల్దార్లు, ఒక పోలీసు ఇన్‌స్పెక్టరు తల్లులు లేనివాళ్ళయ్యారని కబురు పోయిందట. జవాబు కింద "టి. నాయుడు" అని సంతకం ఉంది. టి అంటే ఏమిటి బాబూ అని పెంటారావుని అడిగితే, "అది మాత్రం అడక్కమ్మా" అన్నాడు.

తీర్పు తప్పని అందులో లేదు. ప్రభుత్వం తప్పు చెయ్యదు. తీర్పు సరైనదే గాని, మానవతా దృక్పథంతో, కన్నవారికి తాత్కాలిక మాతృత్వం మంజూరు చేస్తున్నట్టు ఉంది. ఏడాదికి ఒకసారి పునరుద్ధరించుకోవాలి. ఏప్రిల్ ఒకటి నుంచి మార్చి ముప్పై ఒకటి దాకా నేను తవిటినాయుడికి తల్లిని. ఆ పత్రం మీద నా ఫొటో అతికించారు. ఫొటో మీద ముద్ర సరిగ్గా నా నోటి మీద పడింది.

పింఛను విడుదలైంది. పైడితల్లి పెట్టె తిరిగి హాస్టలు గదిలోకి వెళ్ళింది. ఎర్నమ్మ శాలువా వెనక్కి ఇచ్చెయ్యాలని నోటీసు వస్తే, అది గేదె తినేసిందని జవాబు రాయించింది. ఆ జవాబు మీద ప్రస్తుతం విచారణ జరుగుతోంది.

మళ్ళీ నవంబరు వచ్చింది. వాచస్పతిగారు చాలా మెత్తబడ్డారు. ఫారం ఒక్క పేజీకి తగ్గించేశారు. ఆదాయం దగ్గర పెంటారావే "శూన్యం" అని రాశాడు. దాని కింద కొత్తగా ఒక ప్రకటన చేర్చారు, తాత్కాలిక మాతలందరికీ. దాన్ని మాత్రం ఎవరి చేతితో వాళ్ళే నింపాలి.

"ఈ సంవత్సర కాలములో నేను నా కుమారుణ్ణి ఎవరికీ తిరిగి విక్రయించలేదని ఇందుమూలముగా ధ్రువీకరిస్తున్నాను."

ధ్రువీకరించాను.

"విక్రయించకపోవుటకు కారణము" అని దాని కింద ఒక గీత గీసి ఉంది. పెంటారావు, "ఏదో ఒకటి రాసీమ్మా, ఖాళీగా ఉంచితే వెనక్కొస్తుంది" అన్నాడు.

ఖాళీగా ఉంచితే పింఛను ఆగుతుంది. తప్పు రాసినా ఆగుతుంది. నేను చాలాసేపు కూర్చున్నాను. వెనక వరసలో ఉన్నవాళ్ళు కసురుకున్నారు. అప్పుడు రాశాను.

"సరుకు మీ దగ్గరే ఉండిపోయింది."

పెంటారావు అది చదివి లోపలికి పట్టుకెళ్ళాడు. వాచస్పతిగారు కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. తర్వాత కారణం సంతృప్తికరంగా ఉందని ముద్ర వేశారు.